కంటి మూల ఆపరేషన్: మచ్చ తేలిపోవాలంటే ముందు నుంచీ ఏం చేయాలి

మా అమ్మ ఎడమ కంటి పక్కన, ముక్కు మొదట్లో ఒక గుంట ఉండేది. అగ్గిపుల్ల తల పట్టేంత గుంట. అది ఏ డాక్టరూ పెట్టిన గాటు కాదు. నాలుగేళ్ల పాటు ఆ కంటి నుంచి నీరు కారుతూనే ఉంది. కొంగుతో తుడుచుకుంటూనే ఊడుపులకు వెళ్లింది, కోతలకు వెళ్లింది. ఆపరేషన్ అంటే మాత్రం, "ముఖం మీద కత్తి పెడితే మచ్చ పడుతుందమ్మా, పెళ్లిళ్లకు ఎలా వెళ్లను" అనేది. ఒక ఏడాది దాళ్వా కోతల సమయంలో కంటి మూల ఎర్రగా ఉబ్బి, మూడో రోజుకు దానంతట అదే పగిలింది. చీము కారిన రంధ్రం మూసుకోవడానికి నెలలు పట్టింది. డాక్టరు గాటు పెట్టి ఉంటే సన్నని గీతలా మానేది. పగిలిన పుండు కాబట్టి చుట్టూ చర్మాన్ని లోపలికి లాక్కుని గుంటగా మిగిలిపోయింది.

చాలా ఏళ్ల తర్వాత నాకూ అదే జబ్బు వచ్చింది. ముక్కు పక్కన గాటు పెట్టే ఆపరేషనే చేయించుకున్నాను. ఇప్పుడు నా ముఖం మీద ఆ గీత ఎక్కడుందో చూపించమంటే అద్దం దగ్గరకు తీసుకుని వెతుక్కోవాలి. ఆ తేడా అదృష్టం వల్ల రాలేదు. ఏం అడిగానో, ఏం చేశానో వరుసగా చెబుతాను. పై రెప్ప వాలిపోతే సరిచేయించుకున్న మా వదిన అనుభవం కూడా ఇందులో ఉంది. మిమ్మల్ని చూసిన డాక్టరు దీనికి భిన్నంగా చెబితే డాక్టరు మాటే వినండి.

మొదట: ఆపరేషన్ నిజంగా అవసరమా

కంట్లో ఊరిన నీరు పోవడానికి లోపలి మూలలో, పై రెప్పకు ఒకటి, కింది రెప్పకు ఒకటి సూది మొనంత రంధ్రాలుంటాయి. అద్దంలో కింది రెప్పను కొంచెం వంచితే మీకే కనపడుతుంది. అక్కడి నుంచి నీరు సన్నని గొట్టాల గుండా కన్నీటి సంచిలోకి, సంచి నుంచి నాళం ద్వారా ముక్కులోకి దిగుతుంది. మన పంట బోదెల సంగతి తెలిసిందే కదా. కింద పూడిక పడితే పైన చేను మునుగుతుంది. ఇక్కడా అంతే. నాళం పూడితే నీరు చెంప మీదికి పొర్లుతుంది, నిలిచిన నీటిలో చీము పడుతుంది.

నీరు కారిన ప్రతి కన్నూ పూడిన కన్ను కాదు. నూర్పిళ్ల దుమ్ము పడినా, వెంట్రుక లోపలికి గుచ్చుకుంటున్నా, కింది రెప్ప వదులై వాలినా, ఆఖరికి కన్ను పొడిబారినా నీరు కారుతుంది. అందుకే డాక్టరు మొద్దు మొన ఉన్న సన్నని సూదితో ఆ రంధ్రంలోకి ఉప్పునీరు ఎక్కించి చూస్తారు. గొంతులో ఉప్పగా తగిలితే దారి తెరిచే ఉంది. తగలకుండా నీరు వెనక్కి తన్నుకొస్తే పూడింది. ఈ పరీక్ష చేయకుండా ఎవరైనా ఆపరేషన్ తేదీ ఇస్తే, పరీక్ష చేయమని అడగండి.

పసిపిల్లలకు నీరు కారుతుంటే కంగారు పడకండి. నాళం చివరి పొర తెరుచుకోక అలా అవుతుంది. డాక్టరు చూపించినట్టు కంటి మూల నుంచి కిందికి వేలితో నొక్కుతూ ఉంటే పదిమందిలో తొమ్మిదిమందికి ఏడాదిలోపే సర్దుకుంటుంది. ఆ కళ్లలో తల్లిపాలు, ఆముదం, కాటుక వేయకండి.

తేదీ మీరే ఆలోచించి పెట్టుకోండి

చీము ఉబ్బి ఉన్నప్పుడు గాటు పెట్టించుకోవాలని తొందరపడకండి. మందులతో వాపు దిగాక చేసిన కోత శుభ్రంగా మానుతుంది. అలాగని వాపు దిగింది కదా అని మా అమ్మలా ఊరుకోవద్దు. ఒకసారి చీము పట్టిన సంచి మళ్లీ పడుతుంది.

మన డెల్టాలో కాలం కూడా చూసుకోవాలి. ఆపరేషన్ తర్వాత రెండు వారాలు వంగకూడదు, బరువులు ఎత్తకూడదు, కంటి మూలకు చెరువు నీరు, కాలువ నీరు తగలకూడదు. అందుకని ఊడుపులకూ కోతలకూ మధ్య ఖాళీ చూసుకోండి. మే నెల ఉక్కపోతలో కట్టు కింద చెమట నిలుస్తుంది, ఎండకు కొత్త చర్మం నల్లబడుతుంది. నేను సంక్రాంతి వెళ్లాక, భోగి మంటల పొగ, పిండివంటల సెగ అన్నీ అయిపోయాక మాఘమాసంలో చేయించుకున్నాను. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. రేవులో మునగాలనుకునేవారు కనీసం రెండు నెలల ముందే ఈ పని ముగించుకోండి, లేదా పుష్కరాలు అయ్యాక పెట్టుకోండి.

డాక్టరును ఏమడగాలి

ఇక్కడ మొహమాటపడకండి. మచ్చ ఎలా ఉంటుందన్నది సగం ఈ సంభాషణలోనే తేలిపోతుంది.

"మీరు ఇలాంటివి తరచుగా చేస్తారా?" అని అడగండి. రెప్పలు, కన్నీటి నాళాల పని ప్రత్యేకంగా నేర్చుకున్న కంటి డాక్టర్లుంటారు. ఆ విభాగాన్ని ఆక్యులోప్లాస్టీ అంటారు. అమలాపురంలోనో భీమవరంలోనో దొరకకపోతే కాకినాడ, రాజమహేంద్రవరం, విశాఖ, విజయవాడల్లో వాకబు చేయండి. ఒక బస్సు ప్రయాణం ఎక్కువైనా ఫరవాలేదు.

"ముక్కు లోపలి నుంచి చేస్తారా, బయటి నుంచా?" సంచిని నేరుగా ముక్కులోకి కలిపే ఈ ఆపరేషన్‌ను డీసీఆర్ అంటారు. బయట గాటు పెట్టి చేసే పద్ధతిని ఇటలీ డాక్టరు అడియో టోటి 1904లో వివరించారు. ముక్కు లోపలి నుంచి చేయడం కొత్త సంగతి అనుకుంటాం గానీ, 1893లోనే కాల్డ్‌వెల్ అనే డాక్టరు అలా ప్రయత్నించారు. లోపల సరిగా కనపడక అది వెనకబడింది. ఎండోస్కోపు చేతికొచ్చాక 1980ల చివరి నుంచి మళ్లీ నిలదొక్కుకుంది. లోపలి నుంచి చేస్తే ముఖం మీద గాటే ఉండదు. అనుభవం ఉన్న చేతుల్లో రెండింటి ఫలితమూ దాదాపు సమానమే. అయితే పాత దెబ్బ వల్ల ఎముక చెదిరి ఉన్నా, సంచిలో గడ్డ ఉందని అనుమానమున్నా, ముక్కు లోపల చోటు ఇరుకుగా ఉన్నా బయటి నుంచే మేలని డాక్టరు అనవచ్చు. నాకు అలాగే అన్నారు. కారణం చెప్పించుకుని ఒప్పుకున్నాను.

"గాటు ఎక్కడ, ఎంత?" ఇది తప్పకుండా అడగండి. మీరే ఒకసారి అద్దం ముందు నిలబడి కళ్లు గట్టిగా మూసి చూడండి. కంటి కింద, పక్కన ముడతలు పడతాయి. చర్మం సహజంగా మడతపడే దారులు అవే. చీర కుచ్చిళ్లలో పడిన చిరుగు కనపడనట్టే, ఆ ముడత వెంట పెట్టిన గాటు కనపడకుండా మానుతుంది. ముడతకు అడ్డంగా పెడితే నవ్వినప్పుడల్లా లాగుతుంది, వెడల్పవుతుంది. ముక్కుకూ కంటి మూలకూ మధ్య చోటు లోతుగా, లోయలా ఉంటుంది. అక్కడ కంటికి మరీ దగ్గరగా నిలువుగా గాటు పడితే, మానేటప్పుడు కుదించుకుని నులక తాడు బిగిసినట్టు పైకి లేచి నిలబడుతుంది. అందుకే గాటును కొంచెం ముక్కు వైపు జరపడమో, కంటి కింది పల్లపు గీత వెంట ఏటవాలుగా పెట్టడమో చేస్తారు. సాధారణంగా ఒక సెంటీమీటరు నుంచి ఒకటిన్నర సెంటీమీటర్ల గాటు సరిపోతుంది.

రెప్పల విషయంలో చోటు ఇంకా తేలిక. పై రెప్పకైతే కన్ను తెరిచినప్పుడు పడే మడతలోనే గాటు పెడతారు. మా వదిన కళ్లు మూసుకుంటే తప్ప ఆ గీత కనపడదు. కింది రెప్పకైతే రెప్ప లోపలి ఎర్రటి పొర వైపు నుంచి చేయవచ్చు, లేదా వెంట్రుకల అంచుకు కొద్దిగా కింద గాటు పెట్టవచ్చు. మీకు ఏది కుదురుతుందో అడగండి. రెప్ప చర్మం ఒంటి మీదకల్లా పలచనిది. అందుకే వాపు ఎంత త్వరగా వస్తుందో, మానడం కూడా అంత చక్కగా ఉంటుంది.

ఏం దాచకూడదు

గుండెకో పక్షవాతానికో రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే చెప్పండి. వాటిని మీకు మీరుగా ఆపేయకండి. గుండె డాక్టరూ కంటి డాక్టరూ మాట్లాడుకుని తేల్చాలి. బీపీ, షుగరు అదుపులో లేకపోతే నెత్తురు ఎక్కువ కారుతుంది, గాయం ఆలస్యంగా మానుతుంది. చెవులు కుట్టించుకున్న చోటో, ఛాతీ మీదో గాయం మానాక గడ్డలా పెరిగిన మచ్చ ఉంటే చూపించండి. రెప్పల మీద అలాంటివి అరుదే అయినా డాక్టరుకు తెలిసి ఉండాలి.

లంక పొగాకు చుట్ట కాల్చే పెద్దలకు ఒక మాట. పొగ చర్మంలోని సన్నని రక్తనాళాలను ముడుచుకుపోయేలా చేస్తుంది. అంచులకు నెత్తురు అందకపోతే కోత విచ్చుకుని మానుతుంది. ముందు నాలుగు వారాలు, తర్వాత నాలుగు వారాలు మానేయండి.

ముందు రోజు తలంటుకోండి, మళ్లీ కొన్నాళ్లు కుదరదు. వారం ముందు నుంచే కాటుక వద్దు. ముక్కుపుడక ఇంట్లోనే తీసి పెట్టండి. ఆస్పత్రిలో అది ఊడక కంగారుపడే వాళ్లను చూశాను. పగటి వెలుగులో కన్ను తెరిచి ఒకటి, మూసి ఒకటి ఫోటో తీయించుకోండి. అది ముందు ముందు అవసరం.

మొదటి రెండు రాత్రులు

మీది రేవు దాటాల్సిన లంక ఊరైతే ఆ రాత్రికి ఇంటికి వెళ్లాలని పట్టుబట్టకండి. రాత్రి పంటు ఉండదు. ఆస్పత్రి ఉన్న ఊళ్లోనే బంధువుల ఇంట్లో ఉండండి. కన్ను లోపల విపరీతంగా నొప్పి పెట్టినా, గుడ్డు ముందుకు పొడుచుకొచ్చినా, చూపు మసకబారినా తెల్లారే దాకా ఆగకూడదు, అప్పటికప్పుడు వెళ్లాలి. ముక్కు నుంచి ఎరుపు నీరు కొద్దికొద్దిగా కారడం మామూలే. ధారగా కారితే కూర్చుని తల ముందుకు వంచి, ఆస్పత్రికి ఫోను చేయండి.

వాపు తగ్గితే కుట్ల మీద లాగుడు తగ్గుతుంది, గీత సన్నగా మానుతుంది. అందుకే ఐసు ముక్కలను చితక్కొట్టి శుభ్రమైన పాలిథిన్ సంచిలో వేసి, మెత్తటి గుడ్డ చుట్టి, మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి పది నిమిషాలు ఆనించండి. ఆనించాలి, అదమకూడదు. రెండు దిండ్లు వేసుకుని వెల్లకిలా పడుకోండి. డీసీఆర్ అయినవారు ఆ రోజంతా వేడి వేడి కాఫీ, చారు తాగకూడదు. ముక్కులో రక్తనాళాలు విప్పారి నెత్తురు వస్తుంది. చల్లారిన మజ్జిగన్నం తినండి.

ముక్కు చీదడం రెండు వారాలు పూర్తిగా బంద్. తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మండి. లేకపోతే ముక్కులోని గాలి కొత్త దారి గుండా రెప్ప కిందికి తన్ని ఉబ్బుతుంది. ఆ రెండు వారాలు ఇంట్లో ఎండుమిర్చి తాలింపు ఘాటు రాకుండా చూడమని నేను బతిమాలుకున్నాను. పండుమిర్చి, కారం దంచే రోజులైతే మీరు పక్కింటికి వెళ్లడమే మంచిది.

కుట్లు విప్పే దాకా

గాయం ఆరాలి, పక్కు కట్టాలి అని మన పెద్దలంటారు. మచ్చ వద్దనుకుంటే చేయాల్సింది దీనికి సరిగ్గా వ్యతిరేకం. పక్కు కట్టిన గాయం కింద కొత్త చర్మం పక్కును తప్పించుకుంటూ పాకాలి, ఆలస్యమవుతుంది. తడిగా, జిడ్డుగా ఉంటే నున్నగా జారుతూ కలుస్తుంది. చేతులు సబ్బుతో కడుక్కుని, కాచి చల్లార్చిన నీటిలో ముంచిన శుభ్రమైన దూదితో కోత మీద అంటుకున్న నెత్తురును తడిపి, మెల్లగా అద్ది తీయండి. రుద్దకండి. తర్వాత డాక్టరు రాసిన ఆయింట్‌మెంట్‌ను బియ్యపు గింజంత తీసుకుని పలచగా రాయండి. రోజుకు రెండు మూడుసార్లు.

పసుపు, కాఫీ పొడి, సున్నం, పళ్లపొడి పెట్టకండి. పసుపు మంచిదే కదా అని మా పెద్దమ్మ చిటికెడు పట్టుకుని మంచం దగ్గర నిలబడింది. వంటింటి పసుపులో సూక్ష్మజీవులు ఉంటాయని చెప్పి ఆమెను ఒప్పించడానికి నాకు ఒక పూట పట్టింది. పొడి కోతలోకి దిగితే అక్కడే ఉండిపోయి రంగు పడుతుంది కూడా.

కరిగే దారం కాకపోతే కుట్లు అయిదు నుంచి ఏడు రోజుల్లో విప్పించాలి. ఇందులో జాప్యం చేయకండి. "అమావాస్య వెళ్లాక వెళ్దాం" అని పది, పన్నెండు రోజులు ఉంచితే చర్మం దారం చుట్టూ పెరిగి, గీతకు రెండువైపులా చుక్కలు పడతాయి, నూగింజల్లాంటి తెల్ల పొక్కులు వస్తాయి. ఇంట్లో కత్తెరతో మాత్రం కత్తిరించకండి.

డీసీఆర్‌లో కొందరికి సిలికాన్ గొట్టం పెడతారు. కంటి మూలలో రెండు రంధ్రాల మధ్య గేలం తీగలాంటి చిన్న వంపు తళుక్కుమంటుంది. ఆరు వారాల నుంచి మూడు నెలల దాకా అది అలాగే ఉంటుంది. దురద పుడితే కంటి మూల నుంచి చెంప వైపు తుడవకండి, తీగ బయటికి జారుతుంది. జారి వేలాడితే కత్తిరించకుండా, లాగకుండా చెంపకు ప్లాస్టరుతో అంటించుకుని డాక్టరు దగ్గరకు వెళ్లండి.

పథ్యం గురించి

పప్పు తింటే చీము పడుతుంది, వంకాయ, గుడ్డు, చేప వద్దు అంటూ రోగికి పదిహేను రోజులు బీరకాయ, పొట్లకాయ కూరలతో సరిపెడతారు. కొత్త చర్మం తయారయ్యేది మాంసకృత్తులతో. పప్పు, గుడ్డు, చేప, పాలు, పెరుగు రోజూ తినండి. జామ, నిమ్మ, ఉసిరి కూడా కావాలి. చీము పట్టేది చేతి మురికితో, అదుపు తప్పిన షుగరుతో.

రుద్దుడు, జెల్

కుట్లు విప్పిన రెండు మూడు వారాలకు, కోత పూర్తిగా మూసుకున్నాక, డాక్టరును అడిగి మర్దన మొదలుపెట్టండి. ఉంగరపు వేలితో చేయాలి, దాని ఒత్తిడి తక్కువ. ముక్కు పక్కన గీతైతే కింద ఎముక తగిలేలా ఆనించి చిన్న చిన్న సున్నాలు చుట్టండి. వేలు చర్మం మీద జారకూడదు, చర్మంతో పాటు కదలాలి. అప్పుడే కింది పొరకు అతుక్కున్న చోటు వదులవుతుంది. రెండు నిమిషాలు, రోజుకు మూడు పూటలు. కింది రెప్పకైతే ఎప్పుడూ పైకి, పక్కకు. కిందికి లాగితే రెప్ప జారి కన్ను పూర్తిగా మూతపడదు.

సిలికాన్ జెల్ మచ్చలకు పనికొచ్చే మందు. పలచని పొరగా రాసి ఆరనివ్వాలి. లావుగా రాస్తే ఉపయోగం పెరగదు, కంట్లోకి దిగుతుంది. రెండు మూడు నెలలు వాడాలి. విటమిన్ ఇ క్యాప్సూల్ పొడిచి రాయమని చాలామంది చెబుతారు. దాని వల్ల మచ్చ తగ్గినట్టు రుజువు లేదు, కొందరికి దద్దురు వస్తుంది. కొబ్బరినూనెతో మర్దన చేస్తే వేలు జారడానికి తప్ప మచ్చకు అది మందు కాదు.

మెడికల్ షాపులో ఇచ్చే తెల్లబరిచే క్రీముల సంగతి గట్టిగా చెబుతున్నాను. వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. రెప్పల దగ్గర నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, కంటిలో ఒత్తిడి పెరిగి నీటికాసులు వస్తాయి. ఆ ఒత్తిడి వల్ల పోయిన చూపు తిరిగి రాదు. గీత కోసం కన్ను పోగొట్టుకోకండి.

ఎండ

మన చర్మానికి మచ్చ ఉబ్బడం కంటే నల్లబడటమే ఎక్కువ. కొత్త చర్మం ఎండ తగలగానే నల్లబడుతుంది, ఆ నలుపు పోవడానికి ఏడాది కూడా పట్టవచ్చు. గొడుగు, వెడల్పు అంచు టోపీ, లేదా నుదుటి మీదికి జరిపి కట్టిన తలపాగా, పెద్ద నల్లకళ్లజోడు వాడండి. కళ్లజోడు కాళ్లు, ముక్కు మీద ఆనే భాగం కోత మీద నొక్కకుండా చూసుకోండి. రొయ్యల చెరువుల మీద పనిచేసేవారికి గొడుగు ఒక్కటే చాలదు, నీటి మీద పడిన ఎండ కింది నుంచి కూడా కొడుతుంది. కోత మూసుకున్నాక జింక్ ఆక్సైడ్ ఉన్న, ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్ రాయండి. చెమటకు కారిపోతుంది కాబట్టి రెండు మూడు గంటలకోసారి మళ్లీ రాయాలి. కనీసం ఆరు నెలలు.

ఎప్పుడు ఏమి చూడాలి

నాలుగో వారం నుంచి ఎనిమిదో వారం దాకా మచ్చ అన్నిటికంటే ఘోరంగా కనపడుతుంది. ఎర్రగా, వేలికి తాడులా గట్టిగా తగులుతుంది. ఆ రోజుల్లోనే నేను అద్దం ముందు కూర్చుని ఏడ్చాను. లోపల కొత్త నారలు ముమ్మరంగా అల్లుకునే సమయం కాబట్టి అలా ఉంటుందని అప్పటికి తెలియదు. మూడో నెలకు మెత్తబడింది. ఆరో నెలకు ఎరుపు దిగింది. గీత తన చివరి రూపానికి రావడానికి ఏడాది పడుతుంది.

మధ్యలో గీత అంచులు దాటి ఉబ్బుతున్నా, దురద పెరుగుతున్నా, రెప్పను లాగి కన్ను మూతపడనివ్వకపోయినా ఏడాది ఆగనక్కర్లేదు. వెంటనే చూపించుకోండి. ఉబ్బిన మచ్చను మెత్తబరిచే ఇంజెక్షన్ ఉంది, కన్నుకు తగలకుండా అది ఇవ్వడం డాక్టరు పని. మచ్చను మళ్లీ కోసి సరిచేయించాలన్న ఆలోచన మాత్రం, రెప్ప మూతపడని ఇబ్బంది ఉంటే తప్ప, ఏడాది నిండాకే.

కుక్క కరిచినా, బండి మీద నుంచి పడినా కంటి లోపలి మూల చిరిగితే పై మాటలేవీ వర్తించవు. అక్కడ రెప్పతో పాటు నీటి గొట్టం కూడా తెగి ఉండవచ్చు. దగ్గర్లో నాలుగు కుట్లు వేయించుకుని ఇంటికి వెళ్లకండి. శుభ్రమైన తడి గుడ్డ కప్పి, ఒకటి రెండు రోజుల్లోపే రెప్పల పని తెలిసిన డాక్టరు దగ్గరకు చేరండి. కుక్క కాటైతే టీకా ఆ రోజే మొదలుపెట్టండి.

పన్నెండో నెలలో, ముందు తీసుకున్న చోటే, అదే వెలుగులో మళ్లీ రెండు ఫోటోలు తీయించుకుని పాతవాటి పక్కన పెట్టి చూడండి. గీత బాగా మానినా కంట్లో ఇంకా నీరు నిలుస్తుంటే, ఆ ఫోటోలు పట్టుకుని మళ్లీ ఉప్పునీటి పరీక్షకు వెళ్లండి.